కంభం చెరువు కట్ట మీద ఒక రోజు

చెరువు చూడటానికి పది నిమిషాలు చాలంటారు. కట్టెక్కడం, ఓ ఫొటో దిగడం, దిగి వచ్చేయడం... అంతేగా అని! కానీ అయిదు వందల ఏళ్లుగా ఊళ్లకు అన్నం పెడుతున్న చెరువు పది నిమిషాల్లో ఏం అర్థమవుతుంది? అందుకే ఓ ఆదివారం పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా అక్కడే గడిపాం... నేనూ, మా అమ్మా.

రైలు తర్లుపాడు దాటగానే అమ్మ లేచి తలుపు దగ్గరకెళ్లి నిలబడింది. ఇంకా టైముంది, వచ్చి కూచోమన్నా వినలేదు. "ఆ కొండలు చూడవే, అచ్చం నా చిన్నప్పటిలాగే ఉన్నాయి" అంది. కొండలు ఎక్కడికి పోతాయమ్మా అందామనుకుని ఊరుకున్నాను. ఆ సమయంలో ఆమెను ఏమన్నా తప్పే.

గుంటూరులో చీకటితోనే ఎక్కాం. నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు... ఒక్కో స్టేషనూ దాటుతున్నకొద్దీ వరిపొలాలు వెనక్కి పోయి కందిచేలు, మిరపతోటలు, వాటి మధ్య ఎర్రమట్టి దిబ్బలు మొదలయ్యాయి. దూరంగా నల్లమల నీలంగా గీత గీసినట్టు కనిపిస్తోంది.

అమ్మ పుట్టిల్లు కంభం చెరువు ఆయకట్టులో ఓ చిన్న పల్లె. కాలవ చిట్టచివర తాతయ్యకు రెండెకరాలుండేది. అమ్మ పెళ్లయిన కొన్నాళ్లకే ఆయన ఆ పొలం అమ్మేసి, మామయ్య ఉద్యోగం చేసే ఊరు వెళ్లిపోయాడు. ఆ తర్వాత అమ్మకు ఇటు రావాల్సిన పనే పడలేదు. యాభై ఏళ్లు కావస్తోంది. మొన్న దసరాకు, ఏదైనా ఊరు తీసుకెళ్తాను చెప్పమ్మా అంటే... కాశీ అనలేదు, రామేశ్వరం అనలేదు. "కంభం చెరువు చూపించు. కానీ హడావుడి పెట్టకూడదు. పొద్దస్తమానం కట్ట మీద కూచోవాలి" అంది.

సరేనన్నాను గానీ లోపల చిన్న భయం. అమ్మ పెళ్లయిన ఏడాది వానల్లేక చెరువు నెర్రెలిచ్చిందట. అత్తారింటికి వెళ్లే రోజు బండిలోంచి ఆమె చూసింది నీళ్లను కాదు, అడుగున మేస్తున్న గొడ్లను. ఇప్పుడూ అలాగే ఉంటే?

స్టేషన్‌లో దిగి, బయట టీ కొట్టు దగ్గర ఆగాం. గ్లాసు అందుకుంటూనే అమ్మ అడిగిన మొదటి మాట... "చెరువులో నీళ్లున్నాయా నాయనా?"

టీ కొట్టతను మా వంక ఎగాదిగా చూశాడు. ఊరికి కొత్తవాళ్లు అడిగే ప్రశ్న కాదది. "ఉండాయి పెద్దమ్మా. సగానికి వచ్చినాయి. ఇంకో రెండు వానలు పడితే బాగుండు" అన్నాడు.

అమ్మ మొహం విప్పారింది. "సగమంటే మంచిదే" అంది, సగం తనే పోసినట్టు.

అల్లప్పచ్చడి... ఎర్రకారం

కంభం పెద్ద పట్నం కాదు. మండల కేంద్రం. బస్టాండు, నాలుగైదు వీధుల బజారు, ఆదివారం కావడంతో పొద్దున్నే మాంసం కొట్ల దగ్గర రద్దీ. పర్యాటకుల కోసమని ప్రత్యేకంగా ఏమీ ఉండవు. పెద్ద పెద్ద హోర్డింగులు, గైడ్లు, టిక్కెట్ కౌంటర్లు కనిపించవు. ఉన్నదల్లా ఊరికి అలవాటైన జీవితం. నిజానికి తీరిగ్గా తిరగాలనుకునేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

బజార్లో ఓ పాక హోటల్లో టిఫిన్ చేశాం. పెద్ద పెనం మీద దోసెలు, వాటిపై ఎర్రకారం, పక్కన పల్లీల చట్నీ, అల్లప్పచ్చడి. పెనం దగ్గరున్న ఆమె అమ్మతో మాట కలిపింది. మీదే ఊరు, ఎవరింటి వాళ్లు, ఎందుకొచ్చారు... అయిదు నిమిషాల్లో వివరాలన్నీ రాబట్టింది. అమ్మ తన పల్లె పేరు చెప్పగానే "అయ్యో, మా అత్తోళ్లది ఆ పక్కూరే" అంటూ ఇంకో దోసె వేసింది. వద్దన్నా వినలేదు. ఆ దోసెకు డబ్బులూ తీసుకోలేదు.

చెరువు ఊరికి కొద్ది కిలోమీటర్ల దూరం. ఆటో మాట్లాడుకున్నాం. "యాడికి పోవాల పెద్దమ్మా, కట్ట మీదికేనా? ఎంతసేపుంటారు?" అన్నాడు ఆటో అబ్బాయి.

"సాయంత్రం దాకా."

అతను నా వైపు తిరిగి, "ఏముందక్కా ఆడ సాయంత్రం దాకా?" అన్నాడు. నా దగ్గరా జవాబు లేదు.

రెండు కొండల నడుమ

కట్ట ఎక్కే చివరి మలుపులో అమ్మ నా చెయ్యి పట్టుకుంది. పైకి రాగానే ఒక్కసారిగా ఎదురుగా నీళ్లు! కనుచూపు మేర పరుచుకుని, ఆ చివరెక్కడో కొండల పాదాల్లో కలిసిపోతూ... వెనక నుంచి వస్తున్న పొద్దుటి ఎండ నీటి మీద పడి మెరుస్తోంది. ఒడ్డున బురద తేలిన చోట తెల్లకొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. టీ కొట్టతను చెప్పింది నిజమే. నిండలేదు. రాళ్ల మీద పాత నీటి చారలు చాలా ఎత్తున కనిపిస్తున్నాయి. అయినా ఆ సగం చెరువే ఓ చిన్న సముద్రంలా ఉంది.

అమ్మ ఏమీ మాట్లాడలేదు. కట్ట రాళ్ల మీద కూచుని చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. నేను కట్టంతా ఓసారి నడిచొచ్చాను.

ఈ చెరువు గొప్పతనమంతా అది ఉన్న చోటులోనే ఉంది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కొండల మధ్య నుంచి వస్తుంది. జంపలేరు వచ్చి కలుస్తుంది. ఆ నీళ్లన్నీ బయటి మైదానంలోకి పోవాలంటే రెండు కొండల మధ్య ఇరుకు సందులోంచే దారి. సరిగ్గా ఆ సందునే కట్టతో మూశారు. అంటే చెరువుకు మూడు వైపుల గోడలు ప్రకృతి కట్టిపెడితే, మనుషులు కట్టింది నాలుగోది మాత్రమే! అందుకే ఇంత పెద్ద చెరువుకూ కట్ట మరీ పొడవుండదు. నింపాదిగా నడిచినా ఎంతోసేపు పట్టదు.

నిండినప్పుడు చెరువు దాదాపు ఏడు కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. వందేళ్ల కిందటి బ్రిటిష్ గెజిటీర్ లెక్కల ప్రకారం కట్ట ఎత్తు 57 అడుగులు. 430 చదరపు మైళ్ల మేర కురిసిన వాన ఈ చెరువులోకే చేరాలి. అప్పట్లో నేరుగా పారే ఆయకట్టు సుమారు 10,300 ఎకరాలు. ఆసియాలోని పెద్ద చెరువుల్లో మాది ఒకటని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ సాగునీరు, మురుగునీటి పారుదల కమిషన్ దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది మన రాష్ట్రం నుంచి కర్నూలు-కడప కాలవకు, పోరుమామిళ్ల చెరువుకు కూడా ఆ గుర్తింపు దక్కింది.

ఈ సంగతులన్నీ అమ్మకు చెబితే శ్రద్ధగా విని, "అంత గొప్పదని మాకేం తెలుసు. నిండితే బియ్యం, లేకపోతే జొన్నలు... అంతే తెలుసు" అంది.

రాణిగారి చెరువు

ఇంతకీ ఈ చెరువు కట్టించిందెవరు?

విజయనగర రాణి వరదరాజమ్మ అంటారు. ఆమెకే రుచిదేవి అని మరో పేరు. శ్రీకృష్ణదేవరాయల భార్య అని చెబుతారు. రాయలు పాలించింది 1509 నుంచి 1529 వరకు కాబట్టి, ఆ లెక్కన చెరువుకు అయిదు వందల ఏళ్లు. ఇంకో కథ కూడా ప్రచారంలో ఉంది. కళింగ యుద్ధం ముగిశాక గజపతి ప్రతాపరుద్రుడు తన కూతురిని రాయలకిచ్చి పెళ్లి చేశాడు. శత్రువు కూతురు కావడంతో ఆ పెళ్లి పొసగలేదనీ, ఆమె రాజధానికి దూరంగా కంభంలో ఒంటరిగా గడిపిందనీ, తన సొమ్ముతో ఈ చెరువు తవ్వించిందనీ ఆ కథ.

ఏది నిజమో తేల్చడం చరిత్రకారుల పని. కానీ రెండు కథల్లోనూ చెరువు వెనక ఉన్నది ఓ ఆడమనిషే. మన చెరువు కథల్లో చాలా చోట్ల ఇలాగే ఉంటుంది. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ఊరిని కాపాడటానికి ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ తెలిసిందే. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' కావ్యం రాసింది ఆ కథ మీదే.

అమ్మకు తెలిసింది మాత్రం రెండో కథే. అదీ వాళ్ల నాయనమ్మ చెప్పగా విన్నది. "మొగుడు పలకరించకపోతే ఏడుస్తూ కూచోలేదు చూడు. ఊరంతటికీ నీళ్లిచ్చింది" అని ముగించేదట నాయనమ్మ. పొలంలో కలుపు తీసి తీసి నడుం వంగిపోయిన మనిషి. కథలోని రాణిని పక్కింటి ఆడపడుచును మెచ్చుకున్నట్టు మెచ్చుకునేదని చెప్పి అమ్మ నవ్వింది.

పన్నెండు గుణాలు... ఆరు దోషాలు

ఎండ కాస్త ముదిరాక కట్ట పక్కన చెట్టు నీడకు మారాం. సంచిలోంచి కాగితాలు తీశాను. వచ్చే ముందు పాత చెరువుల గురించి కొంత చదివి రాసుకున్నాను. అందులో నన్ను బాగా ఆకట్టుకుంది పోరుమామిళ్ల శాసనం.

పోరుమామిళ్ల ఇక్కడికి దక్షిణంగా, కడప జిల్లాలో ఉంది. అక్కడి చెరువును 1369లో కట్టించింది విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు. ఆయనకే భవదూరుడని పేరు. కట్టించి ఊరుకోకుండా అదెలా కట్టారో రాతి మీద చెక్కించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్లు పట్టిందట. అంతకన్నా విలువైన విషయం ఇంకొకటుంది. మంచి చెరువుకు ఉండాల్సినవి పన్నెండు, ఉండకూడనివి ఆరు అని ఆ శాసనం జాబితా ఇస్తుంది.

ధర్మం తెలిసిన, కలిగిన రాజు ఉండాలి. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు ఉండాలి. గట్టి బంకమట్టి నేల కావాలి. దూరం నుంచి వచ్చే తియ్యటి నీటి నది కావాలి. చెరువును ఆనుకుని కొండ ఉండాలి. ఆ కొండ చీలిన చోట రాతితో, మరీ పొడవు కాకుండా, గట్టిగా కట్ట కట్టాలి. చెరువు గర్భం విశాలంగా, లోతుగా ఉండాలి. దగ్గర్లో మంచి రాళ్లు దొరికే గని ఉండాలి. కింద చదునైన, సారవంతమైన పొలాలుండాలి. పని తెలిసిన మనుషులుండాలి... ఇలా సాగుతుంది.

చదువుతుంటే ఎదురుగా ఉన్న కంభం చెరువును చూసి రాసినట్టే ఉంది. కొండ, కొండ చీలిన చోట కట్ట, దూరం నుంచి వచ్చే ఏరు! కానీ శాసనం నాటికి ఇంకా కృష్ణదేవరాయలే పుట్టలేదు. అంటే ఈ విద్య తరాల తరబడి చేతులు మారుతూ వచ్చిందన్నమాట.

ఆరు దోషాలూ చదివి వినిపించాను. కట్టలోంచి నీళ్లు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్యలో మెరక ఉండటం, నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై పొలం తక్కువ కావడం.

"ఆ అయిదోది మళ్లీ చదువు" అంది అమ్మ.

"నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం."

"అదే మా పొలం" అంది.

తర్వాత తనే చెప్పింది. చెరువు నిండిన ఏడాది కాలవ చివరిదాకా పారేది. సగం నిండిన ఏడాది మధ్యలోనే ఆగిపోయేది. తూము దగ్గరి వాళ్లకు రెండు తడులు దక్కితే చివరి వాళ్లకు ఒక్కటీ కష్టం. తాతయ్య రాత్రిళ్లు లాంతరు పట్టుకుని కాలవ గట్టున పడుకునేవాడట. పైవాళ్లు మడవ తిప్పుకుంటారని. ఓ రాత్రి గొడవ పెద్దదై చేతి మీద పార దెబ్బ తగిలింది. ఆ మచ్చ నేనూ చూశాను. చిన్నప్పుడు అడిగితే, ఎద్దు పొడిచిందని చెప్పాడు తాతయ్య.

చేపలు... పప్పుచారు

పన్నెండు దాటాక ఒడ్డున అలికిడి మొదలైంది. వలలు ఎత్తుకుని ఇద్దరు ముగ్గురు బయటకొచ్చారు. బుట్టలో బొచ్చెలు, చిన్న చిన్న జెల్లలు, అడుగున ఒకే ఒక్క కొరమీను. "నీళ్లు నిండా ఉంటే చేప దొరకదు, మరీ తగ్గితే పెరగదు. ఇట్టా మధ్యలో ఉంటేనే మాకు పని" అన్నాడు వాళ్లలో పెద్దాయన. రైతు నిండాలని కోరుకునే చెరువునే ఇంకొకరు మరోలా చూస్తారన్నది నాకు అప్పుడే తట్టింది.

ఆటో అబ్బాయి చెప్పిన మాట ప్రకారం వచ్చాడు. ఊళ్లోకెళ్లి మెస్‌లో భోంచేశాం. వేడన్నం, గోంగూర పచ్చడి, పప్పుచారు, చేపల పులుసు. పులుసులో ముక్క తుంచి నోట్లో పెట్టుకుని అమ్మ ఒక్క క్షణం ఆగింది. "చెరువు చేపే" అంది. సముద్రపు చేపకూ, చెరువు చేపకూ తేడా నాకు తెలియదు. అమ్మకు యాభై ఏళ్ల తర్వాత కూడా తెలుస్తోంది.

మధ్యాహ్నం బజారులో తిరిగాం. పాత ఇళ్ల అరుగులు కొన్ని ఇంకా మిగిలే ఉన్నాయి. నాపరాళ్లు పరిచిన అరుగు మీద ఓ ముసలాయన పేపరు చదువుకుంటున్నాడు. అమ్మను చూసి, కూచోమని పక్కకు జరిగాడు. మాటల్లో జిల్లాల ప్రస్తావన వచ్చింది. "మేం కర్నూలోళ్లం" అంది అమ్మ. ఆయన పెద్దగా నవ్వి, "నేనూ అంతే" అన్నాడు.

ఆ నవ్వుకు కారణముంది. కంభం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు ఒకప్పుడు కర్నూలు జిల్లాలోవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అమ్మ స్కూలు సర్టిఫికెట్ మీద ఇప్పటికీ 'కర్నూలు జిల్లా' అనే ఉంటుంది. అంతకు ముందు 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన దత్తమండలాల్లోనూ కంభం ఉంది. విజయనగరం, నిజాం, కంపెనీ, కర్నూలు, ప్రకాశం... ఊరి పైనుంచి ఇన్ని ఏలుబడులు మారినా చెరువు మాత్రం అక్కడే ఉంది. అందుకేనేమో, ఇక్కడివాళ్లు అడ్రస్ చెప్పేటప్పుడు జిల్లా కన్నా చెరువు పేరే ముందు చెబుతారు.

చివరి పొలం దాకా వస్తాయా?

నాలుగింటికి మళ్లీ కట్ట మీదకు చేరాం. పొద్దున ఎండ మన వెనక ఉంటే, ఇప్పుడు ఎదురుగా నల్లమల మీదకు దిగుతోంది. అదే చెరువు, కానీ రంగు వేరు. పొద్దున చూసి వెళ్లిపోయి ఉంటే ఇది దక్కేది కాదు.

కట్టకు అటు నీళ్లు, ఇటు పొలాలు. తూము నుంచి బయల్దేరిన కాలవ వరిచేల మధ్యకు పోతోంది. కాలవ గట్టు వెంట కొంత దూరం నడిచాం. గట్టు పొడవునా సర్కారు తుమ్మ బలిసిపోయింది. కొన్ని చోట్ల మట్టి జారి కాలవ సగం పూడింది. చెరువుకూ అదే బెడద. అయిదు వందల ఏళ్లుగా ప్రతి వానతోనూ కొండల నుంచి నీళ్లతో పాటు ఒండ్రు కూడా వస్తూనే ఉంటుంది. నీళ్లు పొలాలకు పోతాయి, ఒండ్రు చెరువులోనే ఉండిపోతుంది. పూడిక పేరుకున్నకొద్దీ, నిండినట్టు కనిపించే చెరువులోనూ నీళ్లు తక్కువే పడతాయి. వేసవిలో ఒండ్రు తవ్వి పొలాలకు తోలుకునే అలవాటు పాతకాలం రైతులకు ఉండేది. చెరువుకు లోతు, పొలానికి ఎరువు. "మీ తాతయ్య ఏటా ఇరవై బండ్లు తోలేవాడు" అంది అమ్మ.

తూము దగ్గర ఒకాయన కాలవలో అడ్డంపడ్డ తుమ్మకంప లాగుతున్నాడు. వయసు అరవై పైనే ఉంటుంది. నీళ్లు ఎవరికి ఎప్పుడు వదలాలో చూసుకునే పనిలో వాళ్ల నాన్న కూడా ఉండేవాడట. ఎండ తగ్గిన ఆదివారం సాయంత్రం, ఎవరూ చెప్పకుండానే, మోకాళ్ల లోతు నీళ్లలో దిగి కంప లాగుతున్నాడు. నాకు శాసనంలోని పన్నెండో గుణం గుర్తొచ్చింది. పని తెలిసిన మనుషులుండాలని కదా అందులో రాసింది. చెరువు కట్టేటప్పుడు ఉంటే చాలదు, ఆ తర్వాత కూడా ఏటా ఉండాలి. వారసత్వ కట్టడమని ఎవరు గుర్తించినా, కాలవలో పడ్డ కంప తీయడానికి ఓ మనిషి దిగాల్సిందే.

"మా కాలంలో ఈ కాలవ చిట్టచివరిదాకా పారేది" అని మొదలుపెట్టింది అమ్మ. తన పల్లె పేరు, తాతయ్య పేరు, పొలం ఏ చింతచెట్టు పక్కనుండేదో... అన్నీ చెప్పింది. ఆయన పని ఆపి విన్నాడు. ఆ చింతచెట్టు ఇంకా ఉందన్నాడు. పొలం చేతులు మారి మారి ఇప్పుడు ఎవరో కౌలుకు చేస్తున్నారట.

"ఈ ఏడు ఆ చివరికి నీళ్లొస్తాయా?" అంది అమ్మ.

అది యాత్రకొచ్చిన మనిషి ప్రశ్నలా లేదు. ఏటా ఈ రోజుల్లో తాతయ్య ఇదే చోట నిలబడి ఇదే మాట అడిగి ఉంటాడు.

ఆయన చెరువు వైపు చూశాడు, కొండల వైపు చూశాడు. "ఇంకో వాన పడాల పెద్దమ్మా. పడితే ఇయ్యొచ్చు. పైనోళ్లు కూడా కాస్త చూసుకోని వాడుకోవాల" అన్నాడు.

"మా నాయనకూ ఇదే చెప్పేవాళ్లు" అంది అమ్మ. ఇద్దరూ నవ్వారు.

కార్తీకమాసం. చీకటి పడుతుండగా పక్క ఊరి ఆడవాళ్లు నలుగురు వచ్చి అరటి దొప్పల్లో దీపాలు వెలిగించి నీళ్లలో వదిలారు. గాలి వాటిని కట్ట వైపే తోస్తోంది. అమ్మ వాళ్ల దగ్గర ఓ దొప్ప అడిగి తీసుకుంది. దణ్ణం పెట్టుకుంటూ ఏమనుకుందో నేనడగలేదు.

ఆటో అబ్బాయి కింద నుంచి హారన్ కొట్టాడు. పైకొచ్చి, "ఏం చూశారక్కా ఇంతసేపు?" అన్నాడు.

చెప్పాల్సింది చాలా ఉంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. అమ్మే అందుకుంది. "మా పొలానికి నీళ్లొస్తాయో లేదో కనుక్కోవడానికి వచ్చాంలే నాయనా" అంది.

స్టేషన్ చేరేదాకా అతను అమ్మ పొలం ఎక్కడో అడుగుతూనే ఉన్నాడు. చింతచెట్టు గుర్తు చెబితే, తనకు తెలుసన్నాడు. రైలెక్కేటప్పుడు మరో మాట కూడా అన్నాడు. "వాన పడితే ఫోన్ చేస్తా పెద్దమ్మా, నెంబరియ్యండి."

అమ్మ నా నెంబరు ఇచ్చింది. అప్పటి నుంచి టీవీలో వాతావరణ వార్తలు వస్తే చాలు, ఇంట్లో అందరం నోరు మూసుకోవాల్సిందే!

మీరూ వెళ్తారా?

ఎలా వెళ్లాలి: గుంటూరు-నంద్యాల రైలు మార్గంలో మార్కాపురం రోడ్డుకూ గిద్దలూరుకూ మధ్య కంభం స్టేషన్ ఉంది. మార్కాపురం, గిద్దలూరుల నుంచి బస్సులుంటాయి. కంభం నుంచి చెరువు కట్టకు ఆటోలో వెళ్లొచ్చు. తిరిగి రావడానికి అదే ఆటోను ముందుగా మాట్లాడుకోవడం మంచిది.

ఎప్పుడు బాగుంటుంది: వానల తర్వాత, అక్టోబరు నుంచి జనవరి వరకు. ఎండాకాలంలో నీళ్లు బాగా తగ్గిపోవచ్చు.

ఏం తీసుకెళ్లాలి: తాగునీళ్లు, టోపీ లేదా గొడుగు, ఓ దుప్పటి. కట్ట మీద దుకాణాలుంటాయని అనుకోవద్దు. తిన్న పొట్లాలు, ప్లాస్టిక్ సీసాలు వెంట తెచ్చేసుకోండి. అవి పోయి చేరేది తూములోకే. లోతు తెలియని నీళ్లు కాబట్టి పిల్లల్ని దిగనివ్వొద్దు.

ఇంకో రోజు ఉంటే: మార్కాపురంలో చెన్నకేశవస్వామి ఆలయం చూడొచ్చు. మన చిన్నప్పుడు అక్షరాలు దిద్దిన పలకలకు పేరుపడ్డ ఊరు అది. రైలంటే ఇష్టమున్నవాళ్లు గిద్దలూరు నుంచి నంద్యాల దాకా పగటిపూట ప్రయాణం పెట్టుకోవాలి. దారి నల్లమల అడవి మధ్య నుంచి పోతుంది.